“నేనొక్కదాన్ని చేస్తే ఏమవుతుంది?” గాజువాక నుంచి వచ్చిన ప్రశ్నకి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు విశాఖలోని గాజువాకలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు, ఆరేళ్ళ పాప ఉంది. వడగాడ్పులు, తుపాన్లు, సముద్రంలో ప్లాస్టిక్ గురించి వార్తలు చూసి చూసి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏదో ఒకటి చేద్దామంటే ఇంట్లోవాళ్ళు “నువ్వొక్కదానివి గుడ్డ సంచి పట్టుకెళ్తే లోకం మారిపోతుందా” అంటున్నారు. చిన్న చిన్న పనులతో నిజంగా ఆశ కలుగుతుందా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమేనా అని అడిగారు.

నేనూ విశాఖలోనే, ఎంవీపీ కాలనీలో ఉంటాను. మిద్దె తోట, తడి చెత్తతో ఎరువు చేయడం చాలా ఏళ్ళుగా నా పని. అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లు పిలిస్తే వెళ్ళి నేర్పిస్తుంటాను. మీరు అడిగిన ప్రశ్నే దాదాపు ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కువగా చిన్నపిల్లల తల్లులు.

నా జవాబు: కలుగుతుంది. కానీ ఫలితం మీ కళ్ళకి కనపడే పని ఒక్కటే ఎంచుకోవాలి, అది అలవాటయ్యేదాకా రెండో పని జోలికి పోకూడదు. మీలాంటివాళ్ళకి ఆ మొదటి పని తడి చెత్తని ఇంట్లోనే ఎరువు చేసుకోవడం అని నా గట్టి అభిప్రాయం. మభ్యపెట్టుకోవడం అంటారా, “నా బకెట్‌తో భూగోళం చల్లబడుతుంది” అనుకుంటే అది మభ్యపెట్టుకోవడమే. “నా ఇంట్లోంచి వెళ్ళే చెత్తలో సగానికి పైగా ఇక చెత్తకుప్పకి వెళ్ళదు” అనుకుంటే అది నిజం. నిజం మీద నిలబడిన ఆశ వార్తలు చూసినప్పుడల్లా కూలిపోదు.

గుడ్డ సంచితో ఎందుకు మొదలుపెట్టొద్దంటున్నానో చెబుతాను. సంచి మంచిదే, పట్టుకెళ్ళండి. కానీ సంచి పట్టుకెళ్తే ఏం జరగలేదో మీకు కనపడదు. రాని కవరు కనపడదు కదా. పైగా రైతు బజార్‌లో మీ చుట్టూ పదిమంది కవర్లలో కూరగాయలు తీసుకెళ్తుంటే మనసు ఇంకా చివుక్కుమంటుంది. ఎరువు అలా కాదు. నిన్నటి బీరకాయ తొక్క ఇవాళ మెత్తబడుతుంది, వారానికి రంగు మారుతుంది, రెండు నెలలకి మట్టవుతుంది. మీ కళ్ళ ముందే జరుగుతుంది. ఆరేళ్ళ పాపకి కూడా అర్థమవుతుంది.

దాని వెనక పెద్ద కారణం కూడా ఉంది. మన ఊరి చెత్త చేరే చోటు భీమిలి దారిలో కాపులుప్పాడ. తడి చెత్త అంతా ఒకచోట పోగుపడి గాలి ఆడకుండా అడుగున కుళ్ళితే మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కలో చూస్తే భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే ఇంచుమించు 28 రెట్లు బలమైనది. ఇరవై ఏళ్ళ లెక్కలో అయితే 80 రెట్ల దాకా ఉంటుంది. అదే తొక్క మీ బాల్కనీ బకెట్‌లో గాలి తగులుతూ కుళ్ళితే మీథేన్ దాదాపు పుట్టదు. అంటే ఇది మనసు కుదుటపడడానికి మాత్రమే చేసే పని కాదు. లెక్కకి నిలబడే పని.

ఇక ఎలా చేయాలి అంటే, రెండు పాత పెయింటు బకెట్లు చాలు, 20 లీటర్లవి. వేడి చేసిన మేకుతో చుట్టూ వేలెడు దూరంలో చిల్లులు పెట్టండి, అడుగున కూడా. కింద ఒక పళ్ళెం పెట్టండి, ఇంటి ఓనరు గచ్చు పాడైందని అనకుండా. అడుగున కొబ్బరి పీచు ఒక పొర పరవండి. ఆ రోజు తొక్కలు, వాడిన పువ్వులు, కాఫీ టీ పొడి పిప్పి చిన్న ముక్కలు చేసి వేయండి. దాని మీద తడి ఎంత ఉందో కనీసం అంత పొడి సరుకు వేయాలి: ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, ఏదైనా. మొదట్లో ఒక గ్లాసు పుల్లటి మజ్జిగ చల్లితే సూక్ష్మజీవులు తొందరగా అందుకుంటాయి. రెండు మూడు రోజులకోసారి కర్రతో అడుగు నుంచి కలపాలి. ఒక బకెట్ నిండాక మూత వేసి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. రెండోది నిండేసరికి మొదటిది తయారవుతుంది.

పొడి సరుకు ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు. మన ఊళ్ళో దానికి కొదవ లేదు. కొబ్బరి బోండాల బండివాళ్ళ దగ్గర ఎండిన డొక్కలు అడిగితే సంతోషంగా ఇస్తారు, పీచు పీక్కోవచ్చు. పొద్దున్నే వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు పోగేసిన ఆకుల్ని ఒక గోనెసంచిలో అడిగి తెచ్చుకోవచ్చు. వాళ్ళకీ మోత తగ్గుతుంది. కలప అడితిలో రంపపు పొట్టు ఇస్తారు గానీ, అది అసలు కర్రదో కాదో కనుక్కోండి. ప్లైవుడ్ పొట్టులో జిగురు మందులు ఉంటాయి, అది వద్దు.

విశాఖలో ఒక ఇబ్బంది ప్రత్యేకంగా ఉంది, గాలిలో తేమ. హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఉన్నవాళ్ళు “కాస్త నీళ్ళు చల్లండి” అంటారు. మనకి చల్లనక్కర్లేదు, అసలు చల్లొద్దు. ఉక్కపోత రోజుల్లో బకెట్ ఆరనే ఆరదు. పరీక్ష ఇలా చేయండి: ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారితే తడి ఎక్కువైంది, పొట్టు కలపాలి. ముద్దలా నిలబడి, వేలితో తాకగానే విడిపోతే సరిగ్గా ఉంది. కంపు వస్తోందంటే నూటికి తొంభై సార్లు కారణం తడే. పొడి సరుకు రెట్టింపు చేసి రెండు రోజులు వరసగా కలపండి, పోతుంది.

వేయకూడనివి: చేప తలలు, మాంసం ఎముకలు, నూనె తేలే కూరలు, పాలు పెరుగు (మొదట్లో చల్లే ఆ ఒక్క గ్లాసు మజ్జిగ తప్ప). చేపల్ని మార్కెట్‌లోనే శుభ్రం చేయించుకుంటే ఆ వ్యర్థం ఇంటికే రాదు. ఎండాకాలంలో మామిడి టెంకలు, తాటిముంజల డొక్కలు వేశారంటే ఏడాదికి కూడా అలాగే ఉంటాయి. వాటిని మున్సిపాలిటీ బండికి తడి చెత్తలోనే ఇచ్చేయండి.

పురుగులు వస్తాయి. ఇక్కడే సగం మంది మానేస్తారు, అందుకే ముందే చెబుతున్నాను. తెల్లగా, తరవాత గోధుమ రంగులోకి మారే లావుపాటి పురుగులు కనపడితే భయపడకండి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. ఆ ఈగ కుట్టదు, అన్నం మీద వాలదు, రోగాలు మోయదు. పైగా మీ పని సగం అదే చేసిపెడుతుంది. చిన్న చిన్న పండు ఈగలు మూగితే మాత్రం పైన పొడి పొర పలచగా ఉందని అర్థం. ఇంకో రెండు గుప్పిళ్ళు వేసి కప్పేయండి.

మూడో వారంలో ఒక పొద్దున మీ పాపని పక్కన కూర్చోబెట్టుకుని బకెట్ కలపండి. కర్ర లోపలికి దిగగానే గోరువెచ్చటి ఆవిరి చేతికి తగులుతుంది. లోపల బూడిద రంగు బూజు, దాంతో పాటు సన్నటి తెల్లటి దారాలు ఆకుల మధ్య అల్లుకుని ఉంటాయి. ఉల్లిపొట్టు ఇంకా గుర్తుపట్టేలా ఉంటుంది, అరటితొక్క నల్లటి పీలికైపోయి ఉంటుంది, టమాటా ఎక్కడుందో కనపడదు. తొలకరి పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసన అందులోంచి రావడం మొదలవుతుంది. ఎన్నిచోట్ల చూశానో, ఆ వాసన వచ్చాక ఆ ఇంట్లో ఎరువు పని ఇక ఆగదు.

ఆ మట్టితో తోటకూర వేయండి. నెల లోపే కోతకొస్తుంది, మొదటిసారి వేసేవాళ్ళని నిరాశపరచదు. బచ్చలి తీగ బాల్కనీ ఊచలకి అల్లుకుంటుంది, సముద్రపు గాలికి కూడా తట్టుకుంటుంది. టమాటా, క్యాప్సికం ఇప్పుడే వద్దు. తెగుళ్ళతో మనసు విరిగిపోతుంది.

ఇంట్లోవాళ్ళ మాట గురించి. వాదించకండి. వాళ్ళకి వాతావరణ మార్పు గురించి పాఠం చెప్పడం మొదలుపెడితే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు. మీ అత్తగారో అమ్మగారో దగ్గర ఉంటే వాళ్ళని సాయం అడగండి. బియ్యం కడిగిన నీళ్ళు చెట్లకి పోయడం, పాత చీరలతో బొంతలు కుట్టడం, కొబ్బరి పీచుతో గిన్నెలు తోమడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. ఈ విషయంలో మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సినవాళ్ళం. అలా అడిగినప్పుడు “నువ్వొక్కదానివే” అన్న మాట దానంతటదే ఆగిపోవడం చాలా ఇళ్ళల్లో చూశాను.

ఇప్పుడు మీ అసలు బాధకి వస్తాను. ఒక్కదాన్ని చేస్తే ఏమవుతుంది?

సీతమ్మధార వైపు ఒక అపార్ట్‌మెంట్ ఉంది. అక్కడ మూడో అంతస్తులో ఒకావిడ బకెట్‌తో మొదలుపెట్టారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎరువు ఎక్కువైతే కింద వాచ్‌మన్ భార్యకి ఇచ్చారు. ఆమె ప్రహరీ పక్కన ఉన్న మూరెడు నేలలో గోంగూర, ఆనప పాదు వేసింది. పాదు గోడెక్కి కాయలు వేలాడుతుంటే వచ్చేపోయేవాళ్ళంతా ఆగి అడగడం మొదలుపెట్టారు. అప్పుడు నన్ను పిలిచారు. ఇవాళ ఆ బిల్డింగ్‌లో ఎక్కువ ఇళ్ళవాళ్ళు తడి చెత్తని కిందున్న ఇటుకల తొట్లలో వేస్తున్నారు, వంతులవారీగా కలుపుతున్నారు. మొదలుపెట్టినావిడ ఒక్కరికి కూడా ఉపన్యాసం ఇవ్వలేదు, ఆనపకాయలు చూశారు, అంతే.

ఇంకో చోట, మధురవాడ వైపు, పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. డబ్బుకి లోటు లేదు. అసోసియేషన్ ఒకేసారి పెద్ద కంపోస్టు యంత్రం కొనేసింది. చెత్త వేరుచేయడం ఏ ఇంట్లోనూ అలవాటు కాలేదు, యంత్రంలోకి డైపర్లు, కవర్లు వచ్చిపడ్డాయి. కొన్ని నెలలకే అది మూలపడింది. ఆరంభశూరత్వం అంటే అదే. చిన్నగా, ఒక ఇంట్లో మొదలుపెట్టమని నేను మొండిగా చెప్పేది ఇలాంటివి చూసే.

పక్కింటివాళ్ళతో కలవడంలో ఇంకో లాభం ఉంది. దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు గానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీరు చిన్నవారై ఉంటారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటార్లు ఆడక ట్యాంకుల్లో నీళ్ళు లేవు. ఆ రోజుల్లో ఎవరి ఇంట్లో ముసలివాళ్ళున్నారు, ఎవరికి పసిబిడ్డ ఉంది, ఎవరి దొడ్లో బావి ఉంది అన్నది తెలిసిన వీధులు నిలదొక్కుకున్నాయి. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో తెలియని బిల్డింగుల్లో జనం చాలా అవస్థ పడ్డారు. తుపాన్లు ఇకముందూ వస్తాయి. ఎండుటాకుల సంచి కోసమో, పుదీనా కొమ్మ కోసమో మీరు తట్టిన తలుపులు ఆ రోజున మీకు పనికొస్తాయి. మీరు వాళ్ళకి పనికొస్తారు.

హుద్‌హుద్ తరవాత కైలాసగిరి, సింహాచలం కొండ, కంబాలకొండ అన్నీ గోధుమ రంగుకి తిరిగిపోయాయి. నిప్పంటించినట్టుంది, పచ్చటి ఆకు లేదు. మా వీధిలో తురాయి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఇంకెప్పుడు పచ్చబడుతుందీ ఊరు అని ఏడ్చినవాళ్ళని నాకు తెలుసు. ఇప్పుడు ఒక వానాకాలం సాయంత్రం మీ పాపని తీసుకుని కంబాలకొండ వెళ్ళి చూడండి. మాటలతో ధైర్యం చెప్పడం కంటే అది చూపించడం మంచిది. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య అయితే బీచ్‌కి తీసుకెళ్ళండి. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్ళు, మత్స్యకారులు కలిసి రాత్రుళ్ళు కాపలా కాసి, ఆ గుడ్లని కంచె వేసిన చోటుకి మార్చి, ఇంచుమించు 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు. వార్తల్లో చచ్చిన తాబేలు ఫొటో ఒక్కటే చూసిన పిల్లకి, వాటిని బతికించే మనుషులు కూడా మన ఊళ్ళోనే ఉన్నారని తెలియాలి.

ఎరువు అలవాటయ్యాక, అంటే ఒక రెండు మూడు నెలల తరవాత, రెండో పనిగా ఫ్యాను మార్చండి. అద్దె ఇల్లయినా పరవాలేదు, ఇల్లు మారితే విప్పుకుని పట్టుకెళ్ళొచ్చు. పాత ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను 30, 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. మన ఊళ్ళో ఫ్యాను రోజుకి పన్నెండు గంటలైనా తిరుగుతుంది కదా, ఒక్క ఫ్యానుకి ఏడాదికి 175 యూనిట్లు ఆదా అవుతాయి. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి యూనిట్‌కి సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. గుణించుకోండి, 120 కిలోల పైమాటే. కొత్త, పాత బిల్లులు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి పక్కన ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. ఏసీ గొట్టం కింద బకెట్ పెడితే ఆ నీళ్ళతో ఇల్లు తుడుచుకోవచ్చు.

మీ గాజువాకకి దగ్గర్లోనే, పరవాడలో, 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. అదే కేంద్రం రిజర్వాయర్ మీద 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర పలకలు పెట్టారు. అంతకుముందే ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్లవి పెట్టారు. 2,000 పక్కన 25 ఎంత తక్కువో నాకు తెలుసు. అయినా నీటి మీద సౌర పలకలు పరవడం మన ఊళ్ళో ఇప్పుడు కళ్ళతో చూడగలిగిన సంగతి, ఇంతకుముందు కాదు.

ఒక జాగ్రత్త. “ఎకో” అని రాసున్న వస్తువులు కొనడం మొదలుపెట్టకండి. వెదురు బ్రష్షు, స్టీలు స్ట్రా, కొత్త గాజు సీసాలు కొని, ఇంట్లో ఉన్న మంచి ప్లాస్టిక్ డబ్బాలు పారేస్తే చెత్త పెరుగుతుంది, డబ్బు పోతుంది. ఉన్నవి విరిగేదాకా వాడండి. చేపలకి, చికెన్‌కి వెళ్ళేటప్పుడు మూతున్న స్టీలు డబ్బా పట్టుకెళ్ళండి. మొదటిసారి కొట్టువాడు వింతగా చూస్తాడు, మూడోసారికి తనే డబ్బా అడుగుతాడు.

చిన్న పనులకి హద్దుంది, అది దాచను. జ్ఞానాపురం, పాత ఊరి వైపు ఇళ్ళల్లో కిటికీ గట్టు తుడిస్తే పోర్టు బొగ్గు దుమ్ముతో గుడ్డ నల్లబడుతుంది. ఆ దుమ్ము మీ ఎరువు బకెట్‌తో తగ్గదు. పరిశ్రమలు, ప్రభుత్వం చేయాల్సిన పని మనం మన నెత్తిన వేసుకుని, చేయలేకపోయామని కుమిలిపోకూడదు. మీలాంటివాళ్ళు నిద్ర పోగొట్టుకునేది ఇక్కడే. ప్లాస్టిక్ పాలప్యాకెట్ కత్తిరించినందుకు తప్పు చేసినట్టు బాధపడకండి. కానీ తన ఇంటి చెత్తని తను చక్కబెట్టుకున్న మనిషి వార్డు సచివాలయానికి వెళ్ళి “వేరుచేసి ఇచ్చిన చెత్తని బండిలో మళ్ళీ ఎందుకు కలిపేస్తున్నారు” అని అడిగితే ఆ మాటకి బరువుంటుంది. ఒక్కరుగా కాక నలుగురు కలిసి రాతపూర్వకంగా అడిగితే, ఫొటో జతచేస్తే, జవాబు వస్తుంది. వెంటనే రాకపోయినా వస్తుంది. బండిలో కలపడం ఆగిన వీధులు నాకు తెలుసు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి అమ్మా. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్‌లో ఆ వార్తలు చూడడం మానేయండి, పగలు ఒకసారి చూస్తే చాలు. ఇన్ని చేసినా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోతే, పాపకి ఏమవుతుందో అన్న టెన్షన్ తగ్గకపోతే, డాక్టర్‌ని కలవండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నేను చెప్పే బకెట్ దానికి బదులు కాదు.

ఇక ఆచరణ. వానలు గట్టిగా పట్టకముందే ఎండుటాకులు రెండు గోనెసంచుల నిండా పోగేసి తడవనిచోట పెట్టుకోండి. ఆ తరవాత ఊరంతా వెతికినా పొడి ఆకు దొరకదు. బకెట్లకి చిల్లులు పెట్టేటప్పుడు మేకు పట్టకారతో పట్టుకోండి, పాపని దూరంగా ఉంచండి. మజ్జిగ కంటే తయారైన ఎరువు రెండు దోసిళ్ళు కలిపితే ఇంకా బాగా అందుకుంటుంది. నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఏ ఆదివారమైనా పొద్దున్నే ఎంవీపీ రైతు బజార్ వైపు వచ్చే పని ఉంటే ముందు రోజు ఇక్కడ ఒక మాట రాయండి, తెచ్చిస్తాను. డబ్బా మాత్రం మీరే తెచ్చుకోండి.